కంపెనీ బిళ్ళ, జెనరిక్ బిళ్ళ

"ఇది కంపెనీదేనాండీ, జెనరికా?"

అమలాపురంలో గానీ, రాజోలులో గానీ, కొత్తపేటలో గానీ సాయంత్రం పూట మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. అడిగే మనిషి ముక్కు ఎర్రబడి ఉంటుంది, చేతిలో రుమాలు ఉంటుంది, డాక్టరు చీటీ మాత్రం ఉండదు. "ఆయ్, కంపెనీదేనండి" అంటూ షాపు కుర్రాడు కత్తెర తీసి షీటులోంచి నాలుగు బిళ్ళలు కత్తిరిస్తాడు. కొన్నవాడికి భరోసా, అమ్మినవాడికి బేరం. కుర్రాడి మాటలో అబద్ధం లేదు, అడిగినవాడికి కావలసిన సంగతి కూడా అందులో లేదు. ఎందుకంటే ఆ అరలో ఉన్న అలర్జీ బిళ్ళలు, ఎంత పేరున్న కంపెనీవైనా, దాదాపు అన్నీ జెనరిక్కులే.

కోనసీమలో ఈ బిళ్ళలకు ఏడాది పొడుగునా గిరాకీ. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ గడ్డ మీద గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. తేమ ఉన్నచోట గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో దిళ్ళల్లో కంటికి కనిపించని దుమ్ము పురుగులు పెరుగుతాయి. సార్వా నూర్పిళ్ళప్పుడు ధాన్యం దుమ్ము, దాళ్వాకి మళ్ళీ అదే దుమ్ము. అంబాజీపేట చుట్టుపక్కల పీచు తీసే చోట పనిచేసేవాళ్ళకు కొబ్బరి పొట్టు. ఇవి చాలనట్టు రొయ్యలు. "నాకు రొయ్య పడదండి" అనే మనిషి ఇక్కడ ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు.

వీళ్ళలో చాలామంది డాక్టరు దగ్గరకు వెళ్ళరు, నేరుగా షాపుకే వస్తారు. చీటీ లేకుండా అమ్మదగిన మందులంటూ మన చట్టంలో విడిగా ఒక తరగతి లేదు. షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మందులకు చీటీ ఉండాలన్న నిబంధన ఉంది, అది ఎంతవరకు అమలవుతుందో అందరికీ తెలుసు. కాబట్టి ఏ బిళ్ళ కొనాలన్న నిర్ణయం షాపు బల్ల దగ్గరే, అర నిమిషంలో జరిగిపోతుంది. ఆ అర నిమిషంలో అడగవలసిన ప్రశ్న కంపెనీ పేరు గురించి కాదని ఈ అధ్యాయం వాదన.

తుమ్ము ఎక్కడ మొదలవుతుంది

ముక్కు లోపలి పొరలో, చర్మం కింద, పేగుల గోడల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి నిండా చిన్న చిన్న రేణువులు, ఆ రేణువుల్లో హిస్టమిన్ అనే రసాయనం. అలర్జీ ఉన్న మనిషి శరీరం ఏదో ఒక పదార్థాన్ని, అది బూజు కావచ్చు, రొయ్య మాంసంలోని ఒక ప్రోటీన్ కావచ్చు, శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు ఐజీఈ అనే ప్రతిరక్షకాల రూపంలో మాస్ట్ కణాల ఒంటి మీద అంటుకుని ఉంటుంది. ఆ పదార్థం మళ్ళీ ఎదురైన క్షణంలో మాస్ట్ కణం తన రేణువుల్ని బయటకు కుమ్మరిస్తుంది. హిస్టమిన్ చుట్టుపక్కల రక్తనాళాలను వదులు చేస్తుంది, నీరు బయటకు ఊరుతుంది, నరాల కొసలు రేగుతాయి. ముక్కులో ఇది జరిగితే తుమ్ములు, రొంప. చర్మంలో జరిగితే దద్దుర్లు, దురద.

ఇక్కడ కోనసీమవాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. రొయ్యలో అలర్జీ కలిగించే ముఖ్యమైన ప్రోటీన్ పేరు ట్రోపోమయోసిన్. దాదాపు అలాంటిదే ఇంటి దుమ్ము పురుగులోనూ, బొద్దింకలోనూ ఉంటుంది. అందువల్ల పరుపు దులిపితే తుమ్మే మనిషికి రొయ్య కూడా పడకపోవడం వింతేమీ కాదు. చేప మాంసంలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ వేరు, కనుక రొయ్య పడని మనిషి పులస మానేయాలన్న రూలు లేదు.

హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా 1910లో హిస్టమిన్ శరీరం మీద చేసే పనులను వివరించారు. 1937లో పారిస్‌లోని పాస్చర్ సంస్థలో డేనియల్ బోవే, ఆన్-మరీ స్టాబ్ హిస్టమిన్‌ను అడ్డుకునే మొదటి రసాయనాన్ని పట్టుకున్నారు. అది మనుషులకు ఇవ్వలేనంత విషపూరితం. మనుషులకు పనికొచ్చేవి 1940లలో వచ్చాయి. బోవేకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ మందులన్నీ చేసే పని ఒకటే. హిస్టమిన్ వచ్చి తగిలే చోట్లు కణాల మీద ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. మందు ఆ గ్రాహకాన్ని పట్టుకుని, పనిచేయని స్థితిలో నిలిపేస్తుంది. అప్పటికే ఊరిన నీటిని, వాచిన చర్మాన్ని క్షణంలో వెనక్కి తీసుకుపోలేదు. నూర్పిడికి వెళ్ళి తుమ్ములు మొదలయ్యాక వేసుకున్న బిళ్ళకంటే, వెళ్ళడానికి గంట ముందు వేసుకున్న బిళ్ళ బాగా పనిచేయడానికి కారణం ఇదే.

పాత తరం మందులకు, కొత్త తరం మందులకు తేడా మెదడు దగ్గర వస్తుంది. ఏవిల్ అని అందరికీ తెలిసిన ఫెనిరమిన్, జలుబు బిళ్ళల్లో సగానికి సగం కలిసి ఉండే క్లోర్‌ఫెనిరమిన్ పాత తరానివి. ఇవి రక్తంలోంచి మెదడులోకి సులువుగా దూరతాయి. మనల్ని మెలకువగా ఉంచే పనిలో మెదడు కూడా హిస్టమిన్‌నే వాడుకుంటుంది కాబట్టి, నిద్ర ముంచుకొస్తుంది. సెటిరిజిన్, జనం నోట సిట్రజిన్, మెదడులోకి కొద్దిగానే వెళుతుంది, అయినా కొందరికి మగత వస్తుంది. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు వెళ్ళదు. అమెరికా విమానయాన శాఖ పైలట్లకు ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ వేసుకుని విమానం నడపడానికి ఒప్పుకుంటుంది, సెటిరిజిన్‌కు ఒప్పుకోదు. విమానం సంగతి మనకెందుకు అనుకోవద్దు. ఉదయాన్నే ఏవిల్ వేసుకుని కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడికి ఆ జాబితా మరింత అవసరం.

సంచి మీద పేరు, సంచిలో గింజ

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు వరి పరిశోధన స్థానం 1982లో ఎం.టి.యు. 7029 అనే వంగడాన్ని విడుదల చేసింది. రైతులు దాన్ని స్వర్ణ అంటారు. కోనసీమలో స్వర్ణ పండించని ఊరుండదు. అదే ధాన్యం పది మిల్లులకు వెళుతుంది, పది రకాల సంచుల్లో బయటకు వస్తుంది. ఒక సంచి మీద లక్ష్మీదేవి, ఇంకో సంచి మీద ఏనుగు, మరో సంచి మీద మిల్లు యజమాని మనవరాలి పేరు. లోపల గింజ స్వర్ణే. మిల్లు పట్టు బాగుందా, నూకలు ఎన్ని ఉన్నాయి, నిల్వలో పురుగు పట్టిందా అన్న తేడాలు ఉంటాయి, అవి నిజమైన తేడాలే. సంచి మీది బొమ్మను చూసి మాత్రం అవి తెలియవు.

మందుల షాపులో జరుగుతున్నది ఇదే. సెటిరిజిన్‌ను కనిపెట్టింది బెల్జియం కంపెనీ యూసీబీ. వాళ్ళ పాత దురద మందు హైడ్రాక్సిజిన్, మన షాపుల్లో ఎటరాక్స్, శరీరంలోకి వెళ్ళాక సెటిరిజిన్‌గా మారుతోందని తెలిసింది. ఆ మారిన రూపాన్నే నేరుగా బిళ్ళ చేసి 1987లో జిర్టెక్ పేరుతో తెచ్చారు. మగత బాగా తగ్గింది. సెటిరిజిన్ అణువుకు అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలుంటాయి, పని చేసేది ముఖ్యంగా వాటిలో ఒకటే. ఆ ఒక్కదాన్ని వేరుచేసిందే లెవోసెటిరిజిన్. అందుకే పాతది 10 మిల్లీగ్రాములైతే కొత్తది 5 మిల్లీగ్రాములే ఉంటుంది. ఫెక్సోఫెనడిన్ కథా ఇలాంటిదే. టెర్ఫెనడిన్ అనే మందు కొన్ని ఇతర మందులతో కలిసినప్పుడు గుండె లయను చెడగొట్టి ప్రాణం మీదకు తెచ్చింది, 1998లో అమెరికా మార్కెట్ నుంచి పోయింది. శరీరంలో అది మారే రూపమే ఫెక్సోఫెనడిన్. గుండెకు ఆ ముప్పు దీనితో లేదు.

ఒక మందును కనిపెట్టిన కంపెనీకి కొన్నేళ్ళపాటు పేటెంటు హక్కు ఉంటుంది. అది తీరాక అదే అణువును, అంతే మోతాదులో ఎవరైనా చేసి అమ్మవచ్చు. అదే జెనరిక్. అమెరికాలో సెటిరిజిన్ పేటెంటు 2007 చివర్లో తీరింది. మన దేశంలో అంతకాలం ఆగవలసిన పని లేకపోయింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే హక్కు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. వేరే దారిలో అదే అణువును తయారుచేయగలిగితే తప్పులేదు. 2005 జనవరి 1 వరకు ఇదే నడిచింది. హైదరాబాదులోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తలు బయటకు వచ్చి సొంత కంపెనీలు పెట్టగలగడానికి ఈ చట్టమే ఊతం. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే.

కాబట్టి మన షాపులో సిప్లా వారి ఓకాసెట్ కొంటే, కొంటున్నది జెనరిక్కే. దానికో పేరు పెట్టారు, అంతే. వ్యాపారంలో దీన్ని బ్రాండెడ్ జెనరిక్ అంటారు. పేరు పెట్టకుండా రసాయనం పేరుతోనే అమ్మితే జనం దాన్ని జెనరిక్ అంటారు, మొదటిదాన్ని కంపెనీది అంటారు. రెండూ కంపెనీలే చేస్తాయి. షీటు తిప్పి చూస్తే ఒక్కోసారి తమాషాగా ఉంటుంది: మార్కెటింగ్ ముంబయిలోని పెద్ద సంస్థ, తయారీ హిమాచల్‌ ప్రదేశ్ బద్దిలోనో, ఉత్తరాఖండ్‌లోనో ఉన్న మరో సంస్థ.

ఇందులో మన తెలుగువాళ్ళ పాత్ర కూడా చిన్నదేమీ కాదు. 2006లో డాక్టర్ రెడ్డీస్ ఫెక్సోఫెనడిన్ జెనరిక్‌ను అమెరికాలో అమ్మకానికి పెట్టింది. 2015లో అదే సంస్థ యూసీబీ నుంచి ఎటరాక్స్‌తో పాటు, లెవోసెటిరిజిన్‌కు అసలు బ్రాండయిన జైజాల్‌ను కూడా మన దేశం వరకు 800 కోట్ల రూపాయలకు కొనేసింది. జెనరిక్కులు చేసి ఎదిగిన హైదరాబాదు కంపెనీ చేతిలోనే ఇప్పుడు ఇక్కడి అసలు బ్రాండు ఉంది. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు ముంగండకో మలికిపురానికో పెద్ద డబ్బాడు అలర్జీ బిళ్ళలు మోసుకొచ్చి "ఇవి అక్కడివి నాన్నా, బాగా పనిచేస్తాయి" అంటారు. డబ్బా వెనక మేడ్ ఇన్ ఇండియా అని ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

"ఎనభై శాతమే ఉంటుందట కదండీ"

జెనరిక్కుల మీద జనంలో తిరిగే మాటల్లో ఇది గట్టిది. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. అసలు బిళ్ళలో వంద పాళ్ళు మందు ఉంటే జెనరిక్‌లో ఎనభై ఉన్నా సర్కారు ఒప్పుకుంటుందని వాళ్ళ ఉద్దేశం. 80 అనే అంకె నిజం, దానికి చెప్పే అర్థం తప్పు.

బిళ్ళలో ఎంత మందు ఉండాలన్నది ఇండియన్ ఫార్మకోపియా చెబుతుంది. షీటు మీద రసాయనం పేరు పక్కన ఐ.పి. అని రెండక్షరాలుంటాయి, అది ఈ పుస్తకాన్నే సూచిస్తుంది. బ్రాండుకూ జెనరిక్కుకూ అక్కడ వేర్వేరు కొలతలు లేవు. బిళ్ళ ఎంత త్వరగా కరగాలో కూడా అదే నిర్ణయిస్తుంది. శరీరం వేడికి సమానంగా 37 డిగ్రీల దగ్గర ఉంచిన ద్రవంలో బిళ్ళను వేసి, తెడ్డు లాంటిదాన్ని ఒకే వేగంతో తిప్పుతూ, నిర్ణీత సమయం తర్వాత ఎంత మందు నీటిలోకి వచ్చిందో కొలుస్తారు.

ఎనభై అంకె వేరే పరీక్షలోది. దాని పేరు జీవసమానత పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న కొంతమందికి ఒకసారి అసలు మందు, కొన్ని రోజులాగి జెనరిక్ మందు ఇస్తారు. ప్రతిసారీ గంటగంటకూ రక్తం తీసి అందులో మందు ఎంత పైకి లేచింది, మొత్తం మీద ఎంత చేరింది అని చూస్తారు. రెండింటి నిష్పత్తిని లెక్కగడతారు. ఏ ఇద్దరి శరీరాలూ ఒకటి కావు కనుక ఆ లెక్కలో ఎంత అనిశ్చితి ఉందో కూడా లెక్కిస్తారు. ఆ అనిశ్చితి మొత్తం, అటు చివర నుంచి ఇటు చివర వరకు, 80కీ 125కీ మధ్య ఇమడాలి. సగటు 80 దగ్గర ఉన్న మందు ఈ పరీక్షలో గట్టెక్కే ప్రసక్తే లేదు, ఎందుకంటే దాని కింది అంచు 80 దాటి దిగిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1996 నుంచి 2007 వరకు తనకు వచ్చిన 2070 పరీక్షలను కలిపి చూస్తే, శరీరానికి చేరిన మందులో జెనరిక్కుకూ అసలుకూ సగటు తేడా 3.56 శాతం. అసలు మందు బ్యాచీల మధ్య కూడా కాస్త తేడా ఉంటుందని గుర్తుంచుకుంటే ఇది పెద్ద అంకె కాదు.

మన దేశంలో నీటిలో సులువుగా కరగని మందులకు ఈ పరీక్షను 2017 ఏప్రిల్‌లో తప్పనిసరి చేశారు. సెటిరిజిన్ సులువుగా కరిగే జాతి కాబట్టి ఆ నిబంధనలోకి రాదు. ఇది విని కంగారు పడేవాళ్ళుంటారు. బిళ్ళ ఎవరు చేసినా కడుపులో తేడా రావడానికి ముఖ్య కారణం కరగకపోవడం. తేలికగా కరిగే మందుకు ఆ ప్రమాదం తక్కువ, అందుకే మినహాయింపు. జెనరిక్‌ను ధైర్యంగా ఎంచుకోదగిన మందుల్లో సెటిరిజిన్‌ను ముందు వరుసలో పెడతాను.

నమ్మకం కూడా కొంత పనిచేస్తుంది

"అన్నీ సరే, నాకు మాత్రం ఆ బిళ్ళే పనిచేస్తుంది" అనే పెద్దమ్మతో వాదించి లాభం లేదు. ఆవిడ చెప్పేది అబద్ధం కూడా కాకపోవచ్చు.

అలర్జీ మందు బలాన్ని కొలవడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. ముంజేతి మీద ఒక చుక్క హిస్టమిన్ వేసి సూదితో సుతారంగా గుచ్చుతారు. కొద్ది నిమిషాల్లో దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. దాని వెడల్పు కొలుస్తారు. మందు వేసుకున్నాక మళ్ళీ గుచ్చితే దద్దురు ఎంత చిన్నదైతే మందు అంత బలంగా పనిచేసినట్టు. ఇందులో మనిషి అభిప్రాయానికి చోటు లేదు, చర్మమే చెబుతుంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అందరికీ క్లారిటిన్ అనే లోరాటడిన్ బ్రాండు బిళ్ళే ఇచ్చారు. మధ్యలో సినిమా చూపిస్తూ, కొందరికి క్లారిటిన్ ప్రకటనలు, కొందరికి దాని పోటీదారు జిర్టెక్ ప్రకటనలు చూపించారు. క్లారిటిన్ ప్రకటనలు చూసినవాళ్ళ చర్మం మీద అదే బిళ్ళ మెరుగ్గా పనిచేసింది. అంతకుముందు అలర్జీ లేనివాళ్ళలో, అంటే ఈ మందులతో స్వానుభవం తక్కువ ఉన్నవాళ్ళలో, ఈ ప్రభావం ఎక్కువగా కనిపించింది.

అంటే పేరు మీది నమ్మకానికి చర్మం దాకా చేరే శక్తి ఉంది. ఆ నమ్మకం ఉచితంగా వస్తే మంచిదే, దానికి ప్రతి నెలా ఎక్కువ డబ్బు కట్టవలసి వచ్చినప్పుడే నాకు అభ్యంతరం.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో సంగతి ఉంది, ఇది ఇటీవల బయటపడింది. సెటిరిజిన్ గానీ లెవోసెటిరిజిన్ గానీ నెలల తరబడి రోజూ వేసుకుని ఒక్కసారిగా మానేసిన కొద్దిమందికి, మానేసిన కొన్ని రోజుల్లోపే ఒళ్ళంతా తీవ్రమైన దురద వస్తోందని 2025 మేలో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చాలా అరుదు. అయినా, ఎవరైనా బ్రాండు బిళ్ళ అయిపోయి నాలుగు రోజులు ఆగి, తర్వాత జెనరిక్ మొదలుపెడితే, మధ్యలో వచ్చిన దురదకు నింద జెనరిక్ మీద పడుతుంది. రోజూ వాడేవాళ్ళు మానదలిస్తే డాక్టరును అడిగి నెమ్మదిగా తగ్గించాలి.

మరి నాణ్యత మాటేమిటి

మిల్లు పట్టు సరిగా లేని బియ్యం ఉన్నట్టే నాణ్యత లేని మందులూ ఉంటాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా పరీక్షల్లో తప్పిన బ్యాచీల జాబితా ప్రకటిస్తుంది. అందులో ఊరూపేరూ లేని కంపెనీలుంటాయి, పేరున్న బ్రాండ్లూ అప్పుడప్పుడు కనబడతాయి.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో జరిగింది చదివినవాళ్ళు మరిచిపోరు. జలుబుకు వాడిన సిరప్ తాగిన పిల్లలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో ఉండవలసిన మందుల్లో ఒకటి మన క్లోర్‌ఫెనిరమినే. మందు చంపలేదు. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకం దాదాపు సగం పాలు తేలింది. ఆ సీసా మీద రసాయనం పేరు మాత్రమే కాదు, కోల్డ్‌రిఫ్ అనే బ్రాండు పేరు కూడా ఉంది. అంతకు దాదాపు రెండేళ్ళ ముందే, 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని లేబుల్ మీద రాయాలని కేంద్ర నియంత్రణాధికారి ఆదేశించారు.

బిళ్ళల విషయంలో ఇంత భయం అక్కర్లేదు, సిరప్‌లలో వాడే ద్రావకాలు వాటిలో ఉండవు. బిళ్ళకు కోనసీమలో ఉన్న శత్రువు తేమ. షీటులోంచి తీసి డబ్బీలో పోసుకున్న బిళ్ళలు, వర్షాకాలంలో వంటింటి గూట్లో పెట్టిన బిళ్ళలు చెడిపోయే అవకాశం ఎక్కువ, అవి ఏ కంపెనీవైనా.

2008లో మొదలైన జన ఔషధి పథకంలో ప్రతి బ్యాచీని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే షాపులకు పంపాలన్న నియమం ఉంది. పేరు తెలియని కంపెనీ బిళ్ళను ఎంచుకోవడానికి ఇది నాకు కనిపించే గట్టి ఆధారం.

షాపు బల్ల దగ్గర

కొనేటప్పుడు ముందు షీటు మొత్తం చేతిలోకి తీసుకోండి. కత్తెర పడ్డాక మిగిలే ముక్క మీద పేరు సగం, గడువు తేదీ అసలే ఉండదు. ఊళ్ళో ఆర్ఎంపీ వైద్యుడు కాగితంలో చుట్టి ఇచ్చే విడి బిళ్ళల సంగతి చెప్పనే అక్కర్లేదు. దద్దుర్లకు ఇచ్చే ఆ పొట్లంలో ఒకటి స్టెరాయిడ్ అయినా మీకు తెలిసే దారి లేదు. రసాయనం పేరు బ్రాండు పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో నిబంధన తెచ్చారు. చాలా షీట్ల మీద ఇప్పటికీ ఆ పేరును వెతుక్కోవాలి. వెతకండి. సెటిరిజిన్ హైడ్రోక్లోరైడ్ ఐ.పి. 10 మి.గ్రా. అని ఉందా, ఇంకేదైనా తోడుగా ఉందా?

ఈ రెండో ప్రశ్నే జేబుకు ముఖ్యం. సెటిరిజిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, దానికి ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టింది. పేరున్న బ్రాండయినా బిళ్ళ రెండు రూపాయల చుట్టుపక్కలే తిరుగుతుంది. అక్కడ జెనరిక్ ఎంచుకుని మిగిల్చేది నెలకు ఒక టీ ఖర్చు. అసలు ఖర్చు లెవోసెటిరిజిన్‌కు మాంటెలుకాస్ట్ అనే మరో మందు కలిపిన బిళ్ళతో వస్తుంది. పేరున్న బ్రాండ్లలో అది పదిహేను నుంచి పాతిక రూపాయలు ఉంటుంది. మామూలు తుమ్ములకు, దద్దుర్లకు చాలామందికి మాంటెలుకాస్ట్ అవసరమే లేదు. దానితో కొందరికి పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని 2020లో అమెరికాలో పెట్టె కట్టి మరీ హెచ్చరిక ముద్రించారు. "లక్ష్మిగారికి ఇదే ఇచ్చారండి" అన్న మాట మీద కొనదగిన బిళ్ళ కాదది.

ఇంకో మెలిక. కొన్ని జెనరిక్ షీట్లు షాపుకు చాలా చౌకగా పడతాయి, వాటి మీద ఎమ్మార్పీ మాత్రం బ్రాండు ధరకు దగ్గరగా ముద్రిస్తారు. షాపువాడు "జెనరికేనండి" అని సగం ధర తగ్గించి ఇచ్చినా లాభం ఎక్కువగా అతనికే. అందుకని జెనరిక్ అన్న మాట విని ఊరుకోకుండా, బిళ్ళ ఒక్కింటికి ఎంత పడిందో లెక్క కట్టుకోండి.

పగలు బండి నడిపేవాళ్ళు, చెట్టెక్కేవాళ్ళు, ధాన్యం మిషన్ దగ్గర పనిచేసేవాళ్ళు ఫెక్సోఫెనడిన్ అడగవచ్చు. బ్రాండులో దాని ధర సెటిరిజిన్‌కు ఎన్నో రెట్లు, కాబట్టి జెనరిక్ ఎంచుకోవడం వల్ల నిజంగా డబ్బు మిగిలేది ఇక్కడే. దాన్ని నీళ్ళతోనే వేసుకోవాలి. బత్తాయి, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు, బాగా పెద్దవయసు వాళ్ళకు సెటిరిజిన్ మోతాదు తగ్గించాలి, ఎందుకంటే అది చాలావరకు మూత్రంలోనే బయటకు పోవాలి. గర్భిణులూ, చిన్నపిల్లల తల్లులూ షాపు సలహాతో సరిపెట్టుకోకూడదు. జలుబు బిళ్ళ వేసుకున్న రోజున దాని మీద మళ్ళీ అలర్జీ బిళ్ళ వేసుకోవద్దు, జలుబు బిళ్ళలో అప్పటికే ఒకటి ఉండి ఉంటుంది.

రొయ్యలు తిన్నాకో, కందిరీగ కుట్టాకో నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా బిళ్ళ కోసం షాపుకు పరిగెత్తకండి. పట్టు చూపడానికి గంట వరకు తీసుకునే సెటిరిజిన్, కంపెనీదైనా జెనరిక్కయినా, అప్పుడు ప్రాణం కాపాడలేదు. అప్పుడు కావలసింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి.